గ్లిసన్‌కి జయపాల్ ఇచ్చిన ఉదాహరణ

పొద్దు వాలుతోంది. చిలకలూరిపేటలో ఇంగ్లీషు మాష్టారి ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళిన జయపాల్ బస్సు దిగి తిన్నగా కళ్లంలోకి వచ్చాడు. అక్క దేవకుమారి ఎండిన మిరపకాయల మీద నీళ్ళు చల్లుతోంది.

"ముందా బిందె కింద పెట్టక్కా."

"ఎందుకురా? తెల్లారి లారీ వచ్చుద్ది. బస్తాల్లో తొక్కేప్పుడు కాయ విరగదూ? ఉద్యోగం సంగతి చెప్పు."

"విరక్కుండా ఉండటానికి చెంబుడు చాలు. నువ్వు బిందెలు పోస్తన్నావు."

"కాపే సగం ఈ ఏడు. నువ్వెళ్ళి కాటా మీద నిలబడతావా తూకానికి? ఏటా చల్లేదేగా. మాట తిప్పకు. ఏమడిగారు?"

"మెరుపు గురించి."

"వాన మెరుపా?"

"కాదక్కా. మెరవడానికి ఇంగ్లీషులో బోలెడు మాటలు. గ్లిట్టర్, గ్లీమ్, గ్లో, గ్లిసన్... తేడాలు చెప్పమంది హెడ్మిస్ట్రెస్ క్రిస్టీనా గారు."

"అన్నీ గ్లా గ్లా అనేగా. తేడా ఏముంది?"

"ఒకే ఇంటోళ్ళు. పాతకాలం నించీ వాళ్ళ భాషలోనే పుట్టి పెరిగినయ్యి. గ్లిట్టర్ ఒక్కటి వాళ్ళకి ఉత్తరాన ఉన్న దేశాల ఓడలోళ్ళతో వచ్చి కలిసిందంటారు."

"ఇల్లరికం అల్లుడన్నమాట."

"ఆ ముక్క నాకక్కడ తట్టలా. తడితే అది చెప్పి, అప్పుడే లేచి దణ్ణం పెట్టి వచ్చేవాణ్ణి."

"తర్వాత?"

"చీర మీద చమ్కీలు గ్లిట్టర్ అన్నా. మంట ఆరినాక పొయ్యిలో నిప్పు ఎర్రగా ఉంటదే, అది గ్లో. చీకట్లో దూరంగా ఎవరి చేలోనో లాంతరు, అది గ్లీమ్. ఎదురొచ్చే లారీ లైటు కళ్ళు బైర్లు కమ్మిస్తదే, అది డాజిల్."

"బాగానే చెప్పావే! మరా మొహం ఏంది?"

"ఇంకా ఉంది. బ్రిలియంట్ అనే మాట మన వైడూర్యం నించే పుట్టి, దేశాలు తిరిగి, పేరు మార్చుకుని ఇంగ్లీషులో చేరిందని పెద్దలంటారని చెప్పా. అప్పటిదాకా కునికిపాట్లు పడతన్న బడి కరస్పాండెంటు గారు కళ్ళు తెరిచి ముందుకు జరిగాడు. ఇంక నాకు రెక్కలొచ్చినయ్."

"నీకా! ఇంట్లో పది అడిగితే ఒకటి పలకవు."

"పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి నోరు తెరిచా. అదీ అక్కడే తెరిచా."

"తెరిచి?"

"గ్లిసన్ ఒకటి మిగిలింది. తడిసిన దాని మీద మెరుపు. నా మెడ మీద చెమట చూపిస్తే సరిపోయేది. కాలరు దాకా కారతంది కూడా."

"చూపించలేదా?"

"మర్యాద కాదనుకున్నా. మర్యాదస్తుణ్ణిగా."

"మరేం చెప్పావు?"

"తెలిసిన ఉదాహరణ అయితే పిల్లల బుర్రకి ఎక్కుద్దని..."

"ఏం చెప్పావురా?"

"బిందె కింద పెట్టు, చెప్తా."

"పెట్టాను. చెప్పు."

"'మిర్చి యార్డుకి తోలే ముందురోజు మా అక్క మిరపకాయల మీద బిందెలకి బిందెలు నీళ్ళు చల్లుద్దండీ. అప్పుడా కాయలు గ్లిసన్ అవుతయ్యండీ' అన్నా."

"ఓరి నీ తెలివి తెల్లారా! సరేలే. బడోళ్ళకి మన కాయల గొడవెందుకు?"

"కరస్పాండెంటు ఎవరనుకున్నావు?"

"ఎవరు?"

"చెంచురామయ్య గారు."

"ఏ చెంచురామయ్య? గుంటూరు యార్డులో మన కాయలు అమ్మిపెట్టే..."

"ఆ కమీషను కొట్టు ఆయనే. బడి కూడా ఆయనదేనంట. పోల్చుకోలేదనుకునేవు, గుమ్మంలోనే పోల్చుకున్నా. పోల్చుకునీ చెప్పా. బీఈడీ చదివానుగా."

"నా కొంప ముంచావు కదరా! రేపు తోలేది ఆయన కొట్టుకేగా! నీ ఉద్యోగమూ పోయె, నా కాయలూ పోయె!"

"ఉద్యోగం పోలా. ఇచ్చాడు."

"ఇచ్చాడా?"

"ఊఁ. 'ఇంత వివరంగా చెప్పేవాడు నాకింతవరకూ దొరకలేదయ్యా' అని భుజం తట్టాడు."

"ప్రభువా, నీకు స్తోత్రం! ఆ మాట ముందు చెప్పి ఏడవచ్చుగా! బడిలో ఎప్పుడు చేరమన్నాడు?"

"బడిలో కాదక్కా, కొట్లో. నీళ్ళు చల్లిన బస్తాలేవో కనిపెట్టే పని. రేప్పొద్దున నేను మొట్టమొదట చెయ్యిపెట్టి చూడాల్సింది మన బస్తాలోనేనంట."