అయిదో కుర్రాడు

పార్లమెంటు భవనంలో, కమిటీల ముందు ఎవరేం మాట్లాడారో మాటకి మాట టైపు చేసే గది. మధ్యాహ్నం. బల్లకి అటు స్టెనో, ఇటు నిన్న జైళ్ళ కమిటీ ముందు సాక్ష్యం చెప్పిన జైలు సూపరింటెండెంట్.

“లేదండీ, అది తీసెయ్యడం కుదరదు సార్.”

“ఒక్క మాటేగా అమ్మా.”

“ఒక్క మాటైనా అంతే. నిన్న మీరు మాట్లాడింది మాట్లాడినట్టు ఇందులో ఉంది. చదివి సంతకం పెట్టడానికే మిమ్మల్ని పిలిపించాం. నేను తప్పు విన్నది ఏదైనా ఉంటే చెప్పండి, దిద్దుతాను.”

“మీరు తప్పు వినలేదు.”

“మరి?”

“నాకే నోరు జారింది. దానికేదో రూలు ఉంటుంది కదా.”

“ఉంది. ఇదిగో ఈ ఫారం. ఏ పేజీ, ఏ లైను, అక్కడ ఏముంది, దాని బదులు ఏముండాలి, కారణం ఏమిటి. మీ చేత్తో మీరే నింపాలి. ఏ పేజీ?”

“పన్నెండు. మూడో లైను.”

“ఉండండి, చదువుతాను. ‘సూపరింటెండెంట్: పోలీసు ఎస్కార్ట్ రానిదే ఖైదీని ఆసుపత్రికి పంపలేమండి. ఆ అయిదో కుర్రాడి విషయంలోనూ అదే జరిగింది.’ ఇదేనా?”

“అదే. అయిదో కుర్రాడు.”

“అయిదో కుర్రాడు లేడా?”

“లేడు. అంటే... లెక్కలో లేడు. కొత్త విధానం వచ్చాక జైళ్ళలో చావులు సగానికి తగ్గాయని మంత్రిగారు సభలో చెప్పుకున్నారు కదా. ఆ లెక్కలో మా జైలు తరఫున ఈ ఏడాది నలుగురు.”

“ఆ లెక్క నిజమో కాదో చూడ్డానికేగా ఈ కమిటీ.”

“అవుననుకోండి. నేనూ మొదట్లో నలుగురనే చెప్పాను. ఉంటుంది చూడండి.”

“రెండో పేజీ, ఆరో లైను. ‘మీ జైల్లో ఎంతమంది చనిపోయారు?’ ‘నలుగురండి.’ ఉంది.”

“ఆ. మరి ఆ తర్వాత అయిదోవాడు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడని, నిన్న నా వెనక కూర్చుని విన్న మా జైళ్ళ శాఖ వాళ్ళు పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు.”

“కమిటీలో మాత్రం ఎవరూ పట్టుకోలేదే.”

“అధ్యక్షుడు గారు గడియారం చూసుకుంటున్నారు. పక్కాయన కునుకులో ఉన్నారు.”

“అవి మేం రాయం లెండి. రాయడం మొదలెడితే కాగితాలు చాలవు.”

“నేను ఆ నలుగురు అనే ముందు కాసేపు ఊరుకున్నాను. అది రాశారా?”

“ఊరుకుంటే రాయం సార్. మాటలే రాస్తాం. టేపులో మాత్రం ఉంది. ఇరవై సెకన్లు. మైకు పోయిందేమో అనుకున్నాను.”

“అంతసేపా.”

“అంతసేపే. మీ ఫోన్ మోగుతోంది.”

“మోగనివ్వండి, వాళ్ళే. ఆ ఫారం ఇలా ఇవ్వండి.”

“కారణం దగ్గర మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయండి సార్. అక్కడ తేడా వస్తే సభని తప్పుదోవ పట్టించినట్టు. మొన్నొక పెద్దాయన వచ్చి తన ‘అదీ, మరీ, అంటే’లన్నీ తీసెయ్యమన్నాడు. తీసేశాం. పేజీలో ఇంకేం మిగల్లేదు... పెన్ను రాయట్లేదా?”

“రాస్తుంది. ఏ గడిలో ఏది రాయాలో చూస్తున్నాను.”

“నీళ్ళు తాగుతారా?”

“వద్దమ్మా.”

“నేను అడక్కూడదు గానీ. ఆ కుర్రాడు పోలేదా?”

“పోయాడు.”

“పోతే మరి లెక్కలో ఎందుకు లేడు?”

“విడుదలయ్యాక పోయాడు కనక. పంతొమ్మిదేళ్ళు. సెల్‌ఫోన్ దొంగతనం కేసు, విచారణ కూడా మొదలవ్వలేదు. పొద్దున్న ఏడింటికి ఫిట్స్ వచ్చాయి. ఎస్కార్ట్ వచ్చేసరికి పదకొండున్నర. ఆసుపత్రిలో చూడగానే డాక్టరు పెదవి విరిచాడు. మావాళ్ళు అప్పటికప్పుడు కోర్టుకెళ్ళి బెయిలు తెచ్చారు. నాలుగింటికి మంచం మీదే కాలి గొలుసు తీసి, విడుదల అని రాశాం. అయిదున్నరకి పోయాడు.”

“ఒంటి మీద తెలివిలేని మనిషికి బెయిలా?”

“అలాగే చేస్తారమ్మా. ఊపిరి ఉండగా వదిలేస్తే మన దగ్గర పోయినట్టు కాదు. నేను కనిపెట్టింది కాదిది. నాకు ముందునుంచీ ఉన్నదే.”

“విడుదల కాగితం మీద సంతకం?”

“నాదే.”

“ఊఁ. రాస్తున్నారా?”

“రాస్తున్నాను. పేజీ నంబరు రాశాను.”

“వాడి వాళ్ళెవరైనా వచ్చారా, ఆసుపత్రికి?”

“మేం చెప్తామని ఆసుపత్రి వాళ్ళనుకున్నారు. వదిలేశాం కదా, ఇంక మాకేం సంబంధం, వాళ్ళే చెప్తారని మేమనుకున్నాం.”

“అంటే ఎవరూ...”

“తల్లి ఒక్కతే వాడికి. మర్నాడు గురువారం. అది ములాఖత్ రోజు, ఇంట్లోవాళ్ళు వచ్చి ఖైదీల్ని చూసుకోవచ్చు. ఉతికిన బట్టలు సంచీలో పెట్టుకుని ఆవిడ గేటు దగ్గరికొచ్చింది. గేటు వార్డరుకి ఏం తెలుసు, పుస్తకం తీసి చూశాడు. ‘మీవాడు నిన్ననే విడుదలయ్యాడు, ఇంటికెళ్ళమ్మా’ అన్నాడు.”

“అయ్యో.”

“పుస్తకంలో అలాగే ఉంది మరి.”

“మీరు లేరా అక్కడ?”

“ఉన్నాను. కిటికీలోంచి చూశాను. చెప్పేద్దామనే బయటికొచ్చాను. నన్ను చూడగానే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. కొడుకుని వదిలిపెట్టినందుకు. నా నోరు పెగల్లేదు. ఈలోగా బస్సొచ్చింది, పరిగెత్తింది. వాడు ఆకలితో ఉంటాడు, వండాలి అంటూ.”

“తర్వాతైనా చెప్పారా?”

“ఇక్కడ ‘దాని బదులు ఏముండాలి’ అని ఉంది. ఒక్క మాట రాస్తే చాలా, మొత్తం వాక్యం రాయాలా?”

“నేనడిగింది అది కాదు సార్. ఆవిడకి చెప్పారా?”

“శవాన్ని వారం ఉంచారట. ఎవరూ రాలేదని మున్సిపాలిటీ వాళ్ళు తీసుకెళ్ళి పూడ్చేశారు.”

“సార్.”

“ఆవిడ ప్రతి గురువారం వస్తుందమ్మా. ఇప్పటికి పదిహేడు గురువారాలు. ‘ఇంటికి రాలేదు బాబూ. మళ్ళీ ఏదైనా చేసి దొరికిపోయాడేమో, మీ దగ్గరికి తెచ్చారేమో కాస్త చూడండి’ అంటుంది. గేటువాడు పుస్తకం చూసి లేడంటాడు. ఆ సంచీ పట్టుకుని వెళ్ళిపోతుంది.”

“మళ్ళీ జైల్లో పడితే బావుండునని ఎదురుచూస్తోందా.”

“ఆ.”

“ఆవిడకి ఇంకా తెలీదా సార్?”

“తెలీదు. నేను కిటికీ తలుపు వేసుకుంటాను గురువారాలు.”

“ఎలా ఉండగలుగుతున్నారు?”

“ఏమోనమ్మా. ఏమీ అనిపించట్లేదు. తింటున్నాను, పడుకుంటే నిద్ర పడుతోంది. అదే భయంగా ఉంది నాకు. నిన్న ఆ మాట నోట్లోంచి ఊడిపడ్డప్పుడు మాత్రం చెవులు గుయ్యిమన్నాయి.”

“మళ్ళీ ఫోన్.”

“ఉండండి, ఆపేస్తాను. రెండు నెలల్లో రిటైరవుతున్నాను. రెండు నెలలు నోరు మూసుకోలేవా అంటున్నారు. మూసుకోగలను. నాలుగు నెలలుగా అదేగా చేస్తున్నాను... ఇది ఎప్పుడు అచ్చవుతుంది?”

“మీ సంతకం పడితే సోమవారం. ఆ తర్వాత ఎవరైనా చదువుకోవచ్చు. అప్పటిదాకా ఒక్క కాగితం కూడా ఈ గది దాటదు.”

“ఇదిగోండి. అయిపోయింది, చూసుకోండి.”

“ఏదీ... పన్నెండు కొట్టేశారే. ‘రెండో పేజీ, ఆరో లైను. ఉన్నది: నలుగురు. ఉండాల్సింది: అయిదుగురు. కారణం: అబద్ధం చెప్పాను.’ సార్, ఇదేమిటి?”

“కారణం దగ్గర ఉన్నది ఉన్నట్టు రాయమన్నారుగా.”

“కింద ఇంకేదో రాశారు. ఎవరి పేరు ఇది?”

“వాడిదే. అయిదోవాడు అంటే ఎవరికి తెలుస్తుంది.”

“శాఖ వాళ్ళు ఊరుకోరు.”

“ఊరుకోరు.”

“మరి పన్నెండో పేజీ?”

“అది అలాగే ఉండనివ్వండి. అక్కడ తప్పేం లేదు.”

“ముద్ర వేసేస్తున్నాను. ఇంక వెనక్కి తీసుకోవడం ఉండదు.”

“వెయ్యండి. వేశాక నాకొక కాపీ కావాలమ్మా.”

“ఇప్పుడేగా చెప్పాను సార్, అచ్చయ్యేదాకా బయటికివ్వం. సోమవారం దాకా ఆగలేరా?”

“మళ్ళీ నా నోరు పెగలకపోతే చేతిలో కాగితమైనా ఉండాలి. రేపు గురువారం.”