ఇత్తో తర్వాతి వంతు

అట్లాస్ కొండల దిగువన, రెండేళ్లుగా వాన మొహం చూడని ఊళ్లో అల్లాల్ పిండి మర. ఇంజను ఆగి ఉంది. అల్లాల్ తొట్టికి అడ్డంగా నిలబడ్డాడు. తామూ తన బస్తా మూతి గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

“రాళ్లు తుడిచావా?”

“తుడుస్తానమ్మా. కూర్చో. టీ తాగుతావా?”

“టీ తర్వాత. ముందు తుడువు. ఒకరింటి పిండి ఇంకొకరింటి పిండిలో కలవకూడదు. మీ నాన్నయితే బస్తా బస్తాకీ తుడిచేవాడు.”

“మా నాన్నది గాడిద తిప్పే మర. గాడిద ఊపిరి పీల్చుకునేలోపు తుడిచేవాడు. ఇది ఇంజను. చల్లారాలి.”

“ఇంజను చల్లారడానికీ రాళ్లు తుడవడానికీ ఏం సంబంధం?”

“ఉంది.”

“ఏం సంబంధం?”

“నువ్వు బస్తా విప్పు, చెబుతా.”

“నువ్వు తుడిస్తే విప్పుతా.”

“సరే. ఇద్దరికీ తొందర లేదన్నమాట.”

“అల్లాలన్నా, దారిలో ఇత్తో ఎదురైంది. గాడిద మీద బస్తా. ఇక్కడినుంచేగా?”

“ఈ దారిలో ఉన్నవి నా మర, ఆ పైన గోరీలు. గోరీల దగ్గర బస్తాలు నింపరు.”

“ఏం ఆడించింది?”

“గింజలు.”

“గింజలని నాకూ తెలుసు. గోధుమలా, బార్లీయా?”

“మర తిరుగుతున్నంతసేపూ నేను కళ్లు మూసుకుంటాను. దుమ్ము.”

“ఇన్నేళ్లూ కళ్లు మూసుకునే ఆడించావా?”

“అందుకే ఇన్నేళ్లూ నడిచింది.”

“చూడన్నా, నీ దగ్గర దాపరికం దేనికి. మా జాయిద్‌కి ఇత్తో కూతురు హద్దాని అనుకుంటున్నాం. ఎల్లుండి శుక్రవారం మాట ఇవ్వాలి.”

“మంచి పిల్ల.”

“పిల్ల మంచిదే. ఆ పిల్ల కాకపోతే అసలు పెళ్లే వద్దని మావాడు అలిగి మేకల దొడ్లో పడుకుంటున్నాడు.”

“మేకలేమంటున్నాయి?”

“నవ్వులాటగా ఉందా నీకు? ఇంటి సంగతి తెలియకుండా వియ్యం ఎలా అందుకోను? సంబంధం కలుపుకునే ముందు మర దగ్గర అడగడం మనూళ్లో ఉన్నదే. మీ నాన్న చెప్పేవాడు.”

“చెప్పేవాడు. చెప్పి చెప్పి రెండు పెళ్లిళ్లు చెడగొట్టాడు. పోయేముందు నన్ను పిలిచి, నువ్వు మాత్రం చెప్పకురా అన్నాడు.”

“అయితే వినుకో. నువ్వు చెప్పకపోతే శుక్రవారం కాదని కబురు పంపేస్తా. వాడు మేకల్లోనే ముసలాడైపోనీ.”

“అంత మాటెందుకు? వాళ్లింటికి వెళ్లొచ్చావుగా. మర్యాదేమైనా తక్కువ చేశారా?”

“మర్యాదకేం. తెల్లటి గోధుమ రొట్టె పెట్టారు.”

“ఇంకేం మరి.”

“ఇంకేమా? ఈ కరువులో గోధుమ ఎక్కడిది? పోనీ రొట్టె అయినా బాగుందా అంటే, అదీ లేదు. ముక్కిపోయిన పిండి. వాళ్లు మా ఇంటికొచ్చినప్పుడు నేను పెట్టిన రొట్టెకీ దానికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా.”

“అంత తేడానా?”

“అంత తేడా. ఎందుకు నవ్వుతావు?”

“నవ్వలేదు. దుమ్ము.”

“నవ్వావు.”

“తామూ, నువ్వు పెట్టిన రొట్టెకి పిండెక్కడిది?”

“ఇప్పుడదెందుకు?”

“ఊరికే.”

“నువ్వే ఇచ్చావు. మరకూలి కింద నువ్వు తీసుకున్న గిన్నెడు గిన్నెడు పిండిలోంచి. పంటొచ్చాక తిరిగి పోస్తానన్నాను. గట్టిగా అనకు.”

“ఎవరున్నారిక్కడ? గోధుమపిండి డబ్బాలు నా దగ్గర ఎన్ని?”

“ఒకటే. అదిగో, ఆ మూలది.”

“దాని మూత తీసి చూడు.”

“ఖాళీ. ఊడ్చేసినట్టుంది. నేను సగమే కదా తీసుకెళ్లింది?”

“సగమే.”

“మీ ఇంట్లో తిన్నారా?”

“మా ఇంట్లో ఏడాదిగా బార్లీయే.”

“అన్నా.”

“చెప్పమ్మా.”

“మిగతా సగం ఇత్తోనా?”

“నువ్వు పైది తీసుకెళ్లావు. ఆమె అడుగుది తీసుకెళ్లింది. అడుగున కాస్త ముక్కి ఉంటుంది, నువ్వన్నది నిజమే.”

“మరి నా రొట్టె గురించి ఆవిడేమందో?”

“ఇందాక ఈ బల్ల మీదే కూర్చుని చెప్పింది. నోట్లో పెట్టుకుంటే ఒకటే ఉప్పంది. నీ రొట్టెకీ వాళ్ల రొట్టెకీ నక్కకీ నాకలోకానికీ అంది.”

“ఆవిడకేం తెలుసు రొట్టె సంగతి. ఉప్పు కాస్త ఎక్కువైందిలే, నిజమే. ధ్యాసంతా అరువు పిండి మీదే ఉంది ఆ రోజు.”

“ఉంటుంది మరి.”

“సిగ్గు విడిచి చెబుతున్నా అన్నా. వాళ్లింట్లో గోధుమ ఉందేమో, వియ్యం కలిస్తే ఈ ఏడు ఎలాగో గట్టెక్కుతామేమో అనుకున్నా. తల్లినై ఉండి పిల్లాడి పెళ్లిలో గింజలు వెతికాను.”

“ఇత్తో కూడా అందుకే వచ్చింది.”

“మా ఇంట్లో గోధుమ ఉందా అని అడగడానికా?”

“అడిగింది. నేను చెప్పకపోతే శుక్రవారం కాదని కబురు పంపేస్తానంది.”

“నువ్వేం చెప్పావు?”

“నీకు చెప్పిందే. డబ్బా మూత తీసి చూడమన్నాను.”

“మీ నాన్న చెప్పొద్దన్నాడుగా?”

“ఆయన ఒక్క వైపే చెప్పాడు, అందుకే చెడింది. నేను రెండు వైపులా చెప్పి చూద్దామనుకున్నా.”

“చూశాక ఆవిడేమంది?”

“మూత మళ్లీ పెట్టేసింది. తామూ కూడా నా అంతదే అన్నమాట, అంది. లేచి గాడిద మీదికి బస్తా ఎత్తించుకుంది.”

“అంతేనా? వెళ్లిపోయిందా?”

“గుమ్మం దగ్గర ఆగింది. వెనక తామూ వస్తుంది, రాళ్లు తుడవకు, రాళ్లకంటిన మా పిండి మీదే ఆవిడ గింజలు పొయ్యి, అని చెప్పి వెళ్లింది.”

“అందుకా ఇంతసేపూ ఇంజను చల్లారాలన్నావు?”

“ఒక్కరంటే సరిపోదు కదమ్మా. నువ్వు కూడా అనాలి. చెప్పు, రాళ్లు తుడిచే కుంచె తియ్యనా?”

“కుంచె అక్కడే ఉండనీ. బస్తా పట్టు. పైన రెండు దోసిళ్లే గోధుమ, కిందంతా బార్లీ.”