ఇంజను మూతకి కన్నం

ఏదీ, ఆ డబ్బాలోది ఇలా తే. అబ్బ, ఎంత మెరుస్తోందిరా! నా ముఖం కనపడుతోంది, ముడతలతో సహా. కారుకి కొత్త వాల్వ్ కవరా? మేం ఇంజను మూత అనేవాళ్లం. పాతది పీకేసి ఇది బిగిస్తావన్నమాట. బిగించు, ఎవరొద్దన్నారు. కానీ కన్నం ఏదిరా? నూనె పోసేది కాదు, అది కనపడుతూనే ఉంది. రెండోది. నవ్వకు. మీ తాతకి నేను దక్కకుండా పోయేదాన్ని, ఆ రెండో కన్నం లేకే. కూర్చో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది. మీ తాత ఉండుంటే ఈపాటికి... సరేలే.

మా నాన్నకి టాక్సీ ఉండేదా, మా ఇంటికి ఎదురుగా రేకుల షెడ్డులో మీ తాత మెకానిక్. అందరూ మెరుగులబ్బాయ్ అనేవాళ్లు. చేతికి ఏది దొరికినా రుద్దేవాడు మరి, పానా కానీ, తలుపు గడియ కానీ, ఆఖరికి టీ గ్లాసులు తెచ్చే పళ్లెం కూడా. పొద్దున్నే నాన్న బండి తుడిచే పని నాది. బానెట్ ఎత్తి ఇంజను కూడా తుడిచేదాన్ని. మీ తాత అటు తిరిగి నిలబడి ఒకే పానాని తిప్పి తిప్పి రుద్దుతుండేవాడు. ఏమిటా అంత పని అనుకునేదాన్ని. ఆ పానాలో నా నీడ చూసేవాడట! నేరుగా చూసే ధైర్యం లేక. ఈ సంగతి మా అమ్మ నాకంటే ముందే కనిపెట్టేసింది. 'కుర్రాడు బుద్ధిమంతుడే, మీ నాన్న ఊఁ అనాలి గానీ' అంది.

ఆ ఊఁ కోసం మీ తాత ఏం చేశాడంటే, అల్యూమినియంతో మూత పోత పోయించి, రుద్ది రుద్ది అద్దం చేసి, నాన్న బండికి బిగించేశాడు. పాతది నల్ల రేకుది. దానికి వెనకవైపు ఒక గొట్టం ఉండేది. ఇంజను కడుపులో పుట్టే ఆవిరీ పొగా అందులోంచి బయటపడి, ఇంజను గాలి పీల్చే చోటికి పోయి కాలిపోయేవి. కొత్తదానికి ఆ దారే లేదు. తెలీకనుకున్నావా? అన్నీ తెలుసు! 'అంత నున్నటిదానికి కన్నం పొడవడానికి చెయ్యి రాలేదు' అన్నాడు తర్వాత. ఊడి వేలాడుతున్న పాత గొట్టం కొసకి రబ్బరు బిరడా కొట్టి ఊరుకున్నాడు.

నాన్న చూసి మురిసిపోయాడు. ఆ మురిపెంలోనే 'పదండి, అబ్బాయిని మా అక్కయ్యకి చూపించి వద్దాం' అని అందర్నీ బండెక్కించాడు. మీ తాత ముందు సీట్లో, ఇస్త్రీ చొక్కాలో, బిగుసుకుని కూర్చున్నాడు. మా అత్తయ్య ఇల్లు మెట్ట మీద. సగం ఎక్కామో లేదో, ఠప్! నూనె చూసే పుల్ల ఎగిరి బానెట్‌కి కొట్టుకుంది. నూనె చిమ్మి, వేడి పొగగొట్టం మీద పడి, ఒకటే పొగ. నాన్న దిగి చూశాడు, బిరడా కంటబడింది. 'నా బండికే ఊపిరాడనివ్వలేదు, రేపు నా పిల్లకి ఆడనిస్తాడా? సంబంధం లేదు, గిబంధం లేదు!'

దిగుడే కదా, బండిని దొర్లించుకుంటూ షెడ్డుకి తెచ్చాం. మీ తాత మూత విప్పి బల్ల మీది వైసులో బిగించాడు, డ్రిల్లు పట్టుకున్నాడు, అలాగే నిలబడిపోయాడు. మా నాన్న చేతులు కట్టుకుని కొరకొరా చూస్తున్నాడు. నేను ఆగలేకపోయాను. రోజూ తుడిచేదాన్ని కదా, గొట్టం ఎక్కడుండేదో నా చేతికి తెలుసు. వెళ్లి నూనె వేలు ఆ అద్దం మీద అద్దాను. 'ఇక్కడ' అన్నాను. అప్పుడు చూశాడురా నన్ను, పానాలో కాదు, నేరుగా. సరిగ్గా ఆ మరక మీదే పొడిచాడు. పొట్టు దులిపి, గొట్టం పెట్టి, నూనె పైకి లాక్కుపోకుండా లోపల రేకు అడ్డం వేసి, మళ్లీ బిగించాడు.

నాన్న బండి స్టార్టు చేసి, నూనె పోసే కన్నానికున్న బిరడా తీసి, ఆ కన్నం మీద పేపరు ముక్క పెట్టాడు. 'కాగితం ఎగిరిందా, నువ్వూ ఎగిరిపో' అన్నాడు. కాగితం రెపరెపలాడింది. మా అమ్మ నా చెయ్యి గిల్లేస్తోంది, ఇప్పటికీ ఆ నొప్పి గుర్తే. అంతలో ఆ కాగితం మెల్లగా లోపలికి లాగినట్టై, బుద్ధిగా అతుక్కుని కూర్చుంది. నాన్న కాగితం తీసేసి బిరడా పెట్టేశాడు. తర్వాత నావైపు తిరిగి, 'అమ్మాయ్, ఆ నూనె చెయ్యి కడుక్కో. అత్తయ్య ఎదురుచూస్తుంటుంది' అన్నాడు. అంతే. అదే ఊఁ.

ఆ తర్వాత బండంతా ఎంత రుద్దినా, ఆ కన్నం చుట్టూ మాత్రం గుడ్డ తగలనిచ్చేవాడు కాదు మీ తాత. ఎందుకో ఎవరికీ చెప్పేవాడూ కాదు...

ఏదీ, నీ కారు పాత మూత ఇటు పెట్టు. గొట్టం ఎక్కడుంది? ఊఁ. అయితే కొత్తదానికి ఇక్కడ. ఆఁ ఆఁ, వేలిముద్ర తుడిచెయ్యకురా! వెళ్లి డ్రిల్లు పట్టుకురా ముందు.