తలకిందుల కాగితాలు

మధ్యాహ్నం రిహార్సల్ ముగిసింది. బిష్కెక్ నాటకశాల వాయిద్యాల గదిలో ఇద్దరే మిగిలారు: ముప్పై ఎనిమిదేళ్ళుగా వాద్యబృందంలో చెల్లో వాయించేవాళ్ళకి పెద్దగా మొదటి కుర్చీ వదలని ఎసెన్‌గుల్ మాస్టారు, ఆయన పక్కన కూర్చుని ఇద్దరికీ స్వరాల కాగితాలు తిప్పుతూ వాయించే, ఆయన్ని 'ఆగాయ్' (గురువుగారు) అని పిలిచే శిష్యురాలు బురుల్.

"విరామంలో ఎక్కడికి మాయమయ్యావు?"

"టీకి, ఆగాయ్."

"మేనేజరు గదిలోనా టీ?"

"ఎవరు చెప్పారు మీకు?"

"నీ బూట్లు. ఆ మెట్ల మీద నీ మడమల చప్పుడు నాకు తెలీదూ? ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనకపోడానికి పిలిచాడా?"

"మీ కమాను ఇటివ్వండి, వదులు చేసి పెడతా."

"ఏడేళ్ళ పిల్లగా వచ్చినప్పుడూ అంతే. పాఠం రాకపోతే కమాను తుడుస్తూ కూర్చునేదానివి. చెప్పు."

"మీకు కోపమొస్తుంది."

"రాదు. ఇవాళ రాదు."

"అయితే ముందు నేనొకటి అడుగుతా. దాచకుండా చెప్పాలి. స్టాండు మీద కాగితం మీకు కనిపిస్తోందా?"

"కనిపించకుండానే వాయిస్తున్నానా?"

"ఆగాయ్!"

"మసగ్గా... వెలుతురును బట్టి."

"నిన్న కాగితాలు తలకిందులుగా పెట్టాను."

"ఏంటీ?"

"తలకిందులుగా. రెండో భాగం మొత్తం. తిప్పమని మీరు తలూపినప్పుడల్లా తిప్పాను. మీరు ఒక్క స్వరం తప్పలేదు. ఇంటికెళ్ళి గంటసేపు ఏడ్చాను."

"మరి నువ్వెట్లా వాయించావు?"

"చూడకుండానే. వారం నుంచి గుర్తుపెట్టుకున్నా."

"అదే అనుకున్నా. నిన్న నీ చెల్లో భయంభయంగా పలికింది. ఈ పిల్ల కాగితం చూడట్లేదు, నన్ను చూస్తోంది అనుకున్నా. రాత్రి కంటిమీద కునుకు లేదు."

"ఎన్నాళ్ళయింది, ఆగాయ్?"

"మూడేళ్ళు. కొత్త పాట వచ్చినప్పుడల్లా ఇంటికి రా, పాఠం చెబుతా అనేవాణ్ణే... నేర్చుకున్నది నేను."

"నాకు అనుమానం రాలేదనుకున్నారా? వేడివేడిగా బోర్సోక్‌లు వేయించి పెట్టి, ఏదీ మళ్ళీ వాయించు, మళ్ళీ వాయించు అంటుంటే?"

"అనుమానంతోనే వచ్చేదానివా?"

"బోర్సోక్‌లు బాగుండేవి."

"పోనీలే. ఇప్పుడు మేనేజరు సంగతి చెప్పు."

"మీకు చూపుందో లేదో రాసిమ్మన్నాడు. లేదని రాస్తే మొదటి కుర్చీ నాకట."

"ఊఁ."

"నవ్వుతారేంటి?"

"రాసిచ్చావుగా?"

"రాసిచ్చాను. శుభ్రంగా కనిపిస్తోందని రాసి సంతకం పెట్టొచ్చాను. మీ కుర్చీ నాకొద్దు. ఆ కుర్చీ లేకపోతే మీరు బతకరు. నాకు తెలుసు. ... ఏంటాగాయ్? ఎందుకలా లేచారు?"

"ఆ కాగితం ఎక్కడుంది?"

"ఆయన దగ్గరే."

"వెళ్ళు. పరుగెత్తు. పొరపాటున రాశానని చెప్పు."

"ఎందుకు చెప్పాలి? ఏం జరిగింది?"

"పొద్దున్నే వెళ్ళి చెప్పేశాను తల్లీ, మూడేళ్ళుగా నాకు కనిపించట్లేదని. నీకింక ఆ బరువు వద్దనుకున్నాను. నా కుర్చీ బురుల్‌కివ్వండి, అది ఎప్పుడో దానిది కావాల్సింది అన్నాను."

"ఆయనేమన్నాడు?"

"మూడేళ్ళు పక్కనే కూర్చుంది, ఆ అమ్మాయి కూడా దాచిందేమో అన్నాడు."

"మీరు?"

"ఆ పిల్ల ప్రాణం పోయినా అబద్ధమాడదు, కావాలంటే పిలిచి అడగండి అన్నాను."