దయాకర్ సేటు తేట మందు

కూసో నితిన్ బాబూ. మీ తాత దయాకర్ సేటు ముచ్చటే గదా, చిన్నదే, ఈ చాయ్ సల్లారేలోపల ఖతం చేస్త. చాయ్ అంటే యాదికొచ్చింది, ఈ హోటలోడు చక్కెర మీద పగబట్టిండు. అడిగితే "అడుగుకు దిగింది తాతా, కలుపుకో" అంటడు. దిగాలంటే ముందు వెయ్యాలె గదా! ఆఁ, మీ తాతకు గిదే పిచ్చి. ఏది దేంట్ల ఎంత కరుగుతదో పొయ్యకముందే చెప్పాలంటడు. నువ్వు కోదాడ కాలేజీల ఫార్మసీ చదివి చెప్తున్నవ్, ఆయన చదవకనే తిప్పలువడ్డడు.

అప్పట్ల నేను, బిచ్చా, ఇంకింతమంది హమాలోళ్లం మిర్యాలగూడల మీ తాతోళ్ల వడ్ల మిల్లుల బస్తాలు మోస్తుంటిమి. సేటు మిల్లు ముందట దుకాణం పెట్టి, స్పిరిట్ల కర్పూరం కరగబెట్టి నొప్పుల మందు అమ్మేటోడు. నొప్పి పోయేది, అబద్ధమెందుకు. కానీ బస్తా రాసుకొని తోలు లేచిన మెడ మీద స్పిరిట్ పడితే, మా బిచ్చా తండా భాషల తిట్టే తిట్లకు మిల్లు మీది పావురాలు లేచిపోయేటివి. అందుకని సేటు సగం నీళ్లు కలుపుదామనుకున్నడు. "నీళ్లల్ల కరగదు, స్పిరిట్ల మస్తు కరుగుతది, సగం సగమైతే సగం కరగాలె" అని లెక్కేసిండు. పోసిండు. సీసా పాలోలె తెల్లగైంది, కర్పూరం విడిపోయి పైన తేలింది. మీ నాయనమ్మ కన్యకమ్మ కోదాడ ఆడబిడ్డ గదా, ఆమె "ఏమండీ" అంటేనే ఈయనకు చెమటలు. "ఏమండీ, ఇది మందా, మజ్జిగా? ఉగాది లోపు తేల్చకపోతే దుకాణం మూసేసి మిల్లులో కూర్చోండి" అన్నది. మిల్లంటే సేటుకు జైలే, తవుడు దుమ్ముకు ఒకటే తుమ్ములు.

ఇగ సీసాలు ముందటేసుకొని కూసున్నడు. ఒకనాడు ఉరికొచ్చి, "ఎర్రయ్యా, నా లెక్కే తప్పు! నీళ్లు పోసినకొద్ది ఇంత ఇంత తగ్గుడు కాదు. ఒక గ్లాసు పోస్తే కరిగేది సగమైతది, ఇంకో గ్లాసు పోస్తే ఆ సగంల సగమైతది. సగం నీళ్లు పోసేవరకు ఇంకేం మిగుల్తది?" అన్నడు. నాకేం సమజ్ కాలే, తలూపిన. తలూపితే చాయ్ తాపుతడు.

ఉగాది పొద్దున మిల్లు ముందట అందరిని పిలిచిండు. "గిన్ని నీళ్లకు తేటగనే ఉంటది. ఇంకో గుక్కెడు పోస్తే విరుగుతది, సూడుండ్రి" అని ముందే చెప్పిండు. పోస్తే అద్దమోలె తేట. బిచ్చా మెడకు రాసుకొని ఒక్క తిట్టన్న తిట్టలే. ఇంకో సీసాల ఆ గుక్కెడు గూడ పోసిండు, చెప్పినట్టే తెల్లగైంది. పెండ్లినాడు గూడ సేటు మొఖం గంత వెలగలే. 

బిచ్చా రెండు సీసాలు అటిటు తిప్పి సూసి, "నీళ్లలెక్క ఉన్నది నాకొద్దు సేటూ. ఆ చిక్కటిదియ్యి, అండ్ల మందెక్కువున్నది" అన్నడు. ఇగ హమాలోళ్లందరు తెల్లదానికే ఎగబడ్డరు. "అరే, రెండిట్ల కర్పూరం ఒక్కటేరా! గిది కరిగింది, గది కరగలే!" అని సేటు మొత్తుకుంటనే ఉన్నడు. ఎవరింటరు?

దుకాణం కన్యకమ్మ నడిపింది. తెల్ల సీసాలు సూర్యాపేట దాక పోయినయ్. విరిగిన మందు నా చేత్తోని అమ్మనని సేటు సచ్చేదాక మిల్లుల తుమ్ముకుంట కూసున్నడు.

ఆ చెంచా ఇటియ్యి. చక్కెర అడుగునే ఉన్నది.