మలేరియాకి మచ్చలు రావు

ఆరోగ్య కేంద్రంలో సూదిమందు గది. బల్ల మీద ఆరేళ్ల పాప. పక్కన తండ్రి, తల్లి, నర్సు.

"ముందు పాపని చూడనివ్వవయ్యా. నీ పెళ్లాం సంగతి తర్వాత."

"చూడండి నర్సమ్మా. మొన్న వీపు మీద ఒక్కటే మచ్చ. ఇవాళ తొడల మీద, పొట్ట మీద. నా కళ్లుగప్పి మళ్లీ కొట్టింది."

"నీ పెదవేంటమ్మా అలా చిట్లింది? ఆ చెయ్యేంటి, వేలాడుతోంది?"

"పడ్డానక్కా."

"పడలేదు. నేనే కొట్టాను, తలుపుకి అడ్డం పెట్టే కర్రతో. మీరన్నారనే."

"నేనేమన్నాను?"

"రక్తం చూసి మలేరియా అన్నారు, మాత్రలిచ్చారు. మరి ఈ మచ్చేంటని అడిగితే, మలేరియాకి మచ్చలు రావు, ఇంట్లో ఎవరు చెయ్యి చేసుకున్నారో కనుక్కోమన్నారు. కనుక్కున్నాను."

"ఇలాగా కనుక్కునేది?"

"రెండు రోజులు కొట్టలేదు కొట్టలేదు అనే అంది. పొద్దున ఒప్పుకుంది. కావాలంటే అడగండి."

"అవునక్కా, నేనే కొట్టాను. పాపని చూడక్కా. చిగుళ్లలోంచి రక్తం వస్తోంది."

"చిగుళ్లలోంచా? ఏదీ, నోరు తెరువు బంగారం... దేంతో కొట్టావమ్మా?"

"కర్రతో. కాదు, చేత్తో."

"ఎక్కడెక్కడ?"

"మచ్చలున్న చోటల్లా."

"వేళాకోళమా నీకు? ఇంకోటి తగిలిస్తే—"

"నా గదిలో చెయ్యెత్తావంటే బయటికి గెంటిస్తాను. ఆ బీపీ పట్టీ ఇటివ్వు. పాప చేతికి అయిదు నిమిషాలు బిగించి ఉంచాలి. కదలకు తల్లీ, అయిపోయింది, ఇంకొంచెమే... ఇదిగో, విప్పాను. చూడవయ్యా, ఈ ఎర్రచుక్కలు ఇందాక ఉన్నాయా?"

"లేవు."

"మరి ఇప్పుడెవరు కొట్టారు? నేనా, మీ ఆవిడా?"

"అంటే... ఇవి వాటంతటవే..."

"అవును, చర్మం కింద రక్తం కారి వస్తున్నాయి. డెంగీ కూడా ఉన్నట్టుంది. రెండూ కలిసి పట్టుకున్నాయి. మలేరియా దొరికింది కదా అని నేను రెండోది వెతకలేదు. తప్పు నాది. అంబులెన్సుకి చెబుతున్నాను, పెద్దాసుపత్రికి వెళ్లండి. నీ పెళ్లాం చెయ్యి కూడా చూపించు."

"పాప బతుకుతుందా నర్సమ్మా?"

"ఇవాళ తెచ్చారు కాబట్టి ఆశ ఉంది. రేపయితే చెప్పలేకపోయేదాన్ని."

"చెయ్యి విరిగినా కొట్టానని అనలేదు కదే నువ్వు. పొద్దున ఎందుకన్నావు?"

"ఒప్పుకునేదాకా ఇద్దరినీ గడప దాటనివ్వనన్నావు. పొద్దున పాప చేతులు చల్లబడ్డాయి."