చిన్న తూటాలకే అనుమతి

కార్లోవాచ్ పట్టణంలో ఒక షూటింగ్ క్లబ్బు నేలమాళిగ. మధ్యాహ్నం. క్లబ్బు పెద్ద జ్వోంకో. నెల కిందట పోయిన అతని స్నేహితుడు క్రెషో భార్య దుబ్రావ్కా.

“అది కుదరదమ్మా. వేరే ఏదైనా అడుగు.”

“ఒక్కసారి. ఒక్క తూటా.”

“ఇప్పుడిక్కడ గాలి తుపాకులు, చిన్న తూటా పిస్టళ్లు, అంతే. పెద్దవి వద్దని కమిటీ తీర్మానించింది.”

“ఎప్పుడు?”

“ఈమధ్యే.”

“ఆయన పోయాకా?”

“తూటాలాపే గోడ కూడా పాడైంది దుబ్రావ్కా. ఇసుక మార్చాలి, గాలి ఆడట్లేదు...”

“ఆయన పోయాకేనా?”

“ఆ. పోయాకే.”

“జరిగింది ఇక్కడ కాదుగా అన్నయ్యా. మా ఇంట్లో. బల్ల మీద గుడ్డ పరుచుకుని పిస్టల్ తుడుచుకుంటుంటే.”

“తెలుసు. లోపల తూటా ఉందో లేదో చూసుకోమని మాకందరికీ నేర్పింది వాడే. వాడికే అలా అయ్యాక ఇంకెవర్ని నమ్మను? కాఫీ తాగుతావా?”

“వద్దు. ఆ పిస్టల్ మీ బీరువాలోనే ఉందిగా.”

“ఉంది. పోలీసులు తెచ్చి పెట్టారు. దాన్ని చూసి ఏం చేస్తావు?”

“చూడను. పక్క గదిలో తలుపేసుకుని నిలబడతా. మీరిక్కడ కాల్చండి. వినపడుతుందో లేదో చూద్దాం.”

“ఎందుకూ?”

“మా అత్తగారు నాతో మాట్లాడట్లేదు. గోడ అవతల తుపాకీ పేలితే వినపడకపోవడమేంటి అంటుంది. వెంటనే వెళ్ళుంటే బతికేవాడంటుంది.”

“డాక్టరేమన్నాడు?”

“వెంటనే అయితే... ఏమో అన్నాడు.”

“అప్పుడు నువ్వేం చేస్తున్నావు?”

“మిరపకాయలు కాలుస్తున్నా. పొగ లాగే ఫ్యాన్ తిరుగుతోంది. రేడియో ఒకటి. నాకేం వినపడలేదు. పోలీసులకీ అదే చెప్పా. వంటయ్యాక భోజనానికి పిలుద్దామని వెళ్ళా.”

“అసలు పెద్ద పిస్టల్ చప్పుడు ఎప్పుడైనా విన్నావా నువ్వు?”

“ఎక్కడ వింటాను? ఇక్కడికి ఇదే రావడం.”

“సరే. వినపడలేదనుకో.”

“మీరొచ్చి ఆవిడకి చెప్పండి. మీ మాట వింటుంది.”

“వినపడితే?”

“కాల్చండి అన్నయ్యా.”

“చెవులకి ఇది పెట్టుకో.”

“పెట్టుకుంటే ఇంకెందుకు?”

“అవున్లే. పో. తలుపు గట్టిగా వేసుకో.”

ఆమె పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి బయటికి వచ్చింది.

“అయిపోయింది. కాల్చేశా. వినపడిందా?”

“ఏదో టప్పుమంది. గిన్నె మూత పడ్డట్టు.”

“చూశావా. ఆ ఫ్యానులో, రేడియోలో ఈమాత్రం చప్పుడు ఎక్కడ తెలుస్తుంది? సాయంత్రం నేనే వస్తా. మీ అత్తగారికి ఒట్టేసి చెప్తా.”

“రావద్దు.”

“అదేంటి? నువ్వడిగిందే కదా. ఇదిగో, వాడి పిస్టల్‌తోనే కాల్చా.”

“మీరు చిన్నదాంతో కాల్చారు అన్నయ్యా. ఆయనది పేలితే గోడ అవతలికి ఎలా వినపడుతుందో నాకు తెలుసు.”